కాలక్షేపమా? ఎదురుచూపా?

గడచిన షాబాన్ నెలలో ఒక రాత్రి ఇషా నమాజ్ తరువాత అబ్దుల్లాపూర్‌మెట్‌లోని మా మస్జిద్‌లో ఒక యువకుడు మా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. వారం రోజుల్లో రియాద్‌కు ప్రయాణం. టికెట్టు దోహా మీదుగా దొరికింది. అక్కడ ఒక విమానం దిగి మరో విమానం ఎక్కడానికి మధ్య తొమ్మిది గంటల వ్యవధి ఉంది. కొత్త ఉద్యోగంలో శుభం కలగాలని దుఆ చేయమంటాడనుకున్నాం. అతను అడిగింది వేరు.

"హజ్రత్, దోహా ఎయిర్‌పోర్టుల తొమ్మిది గంటలు ఖాళీగ కూసోవాలె. టైంపాస్ ఎట్ల చేయాలె?"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. మౌల్వీని అడగాల్సిన ప్రశ్నేనా ఇది అని వారి ఉద్దేశం కావచ్చు. మేము మాత్రం మా దగ్గరున్న జాబితా అప్పజెప్పాం. వుజూతో ఉండు. తప్పిపోయిన నమాజులుంటే ఖజా చేసుకో. తిలావత్ చెయ్యి. ప్రయాణికుని దుఆ స్వీకరించబడుతుందని హదీసులో ఉంది కనుక అమ్మానాన్నల కోసం దుఆ చెయ్యి. నిద్ర వస్తే అలారం పెట్టుకుని పడుకో. అతను అంతా ఫోనులో రాసుకుని, సలాం చేసి వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చాక మాకు చాలాసేపు నిద్రపట్టలేదు. జాబితాలో తప్పేమీ లేదు. ప్రతి అంశానికీ ఆధారం చూపగలం. కానీ సరిగ్గా అదే జాబితాను మేము ఒకసారి శంషాబాద్ విమానాశ్రయంలో అక్షరాలా పాటించాం. పాటించి కూడా నష్టపోయాం. ఆ సంగతి ముందుకు వెళ్ళాక చెబుతాం. ముందు ఆ యువకుని ప్రశ్న గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి.

మనం వాడే మాటల్లోనే చిక్కు ఉంది. తెలుగులో 'కాలక్షేపం' అంటాం. క్షేపం అంటే విసరడం. కాలాన్ని విసిరేయడమన్నమాట. ఉర్దూలో 'వఖ్త్ కాట్‌నా' అంటాం, కాలాన్ని కోయడం. బస్టాండ్లలో పల్లీలమ్మే కుర్రాళ్ళు 'టైంపాస్, టైంపాస్' అని కేకలేస్తూ పోతుంటారు. కాలం మనకు అడ్డంగా నిలబడిన వస్తువు, దాన్ని ఎలాగో ఒకలా వదిలించుకోవాలి అనే భావమే ఈ మాటలన్నింటిలోనూ ఉంది. కాలం మీద ప్రమాణం చేసి మొదలయ్యే సూరాను నమాజుల్లో ఎన్నిసార్లు చదువుతామో లెక్కలేదు. సలాం తిప్పి బయటికి రాగానే ఆ కాలాన్నే ఎలా విసిరేయాలా అని ఆలోచిస్తాం. ఆరోగ్యం, తీరిక అనే రెండు వరాల విషయంలో చాలామంది నష్టంలో ఉన్నారని దైవప్రవక్త (స) హెచ్చరించిన సంగతి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖించారు. విమానాశ్రయంలో ఆ తీరిక ఎంత దొరుకుతుందో చూడండి. విదేశీ ప్రయాణానికి మూడు గంటలు ముందే రమ్మంటారు. విమానం ఆలస్యమైతే ఆ మూడు ఆరవుతాయి, తొమ్మిదవుతాయి. వంట లేదు, దుకాణం లేదు, యజమాని పిలుపు లేదు.

అయితే ఇదే పరిస్థితికి మన దగ్గర ఇంకో మాట కూడా ఉంది. ఉర్దూలో 'ఇంతిజార్'. అరబ్బీలో చూపు అనే అర్థమిచ్చే 'నజర్' ధాతువు నుంచే అది వచ్చింది. తెలుగులో 'ఎదురుచూడటం'. రెండింటిలోనూ చూడటమే ఉంది! అరబ్బీకి, తెలుగుకు చుట్టరికం లేదు. అయినా వేచి ఉండటమంటే చూడటమేనని రెండు భాషలవాళ్ళూ తెలుసుకున్నారు. కాలక్షేపం చేసేవాడు కళ్ళు మూసుకున్నా నడుస్తుంది. ఎదురుచూసేవాడు కళ్ళు తెరిచే ఉంచాలి.

మా ప్రాంతానికి ఎదురుచూపు కొత్తేమీ కాదు. మా ఊరి నుంచి ఎల్.బి.నగర్ వైపు వెళుతుంటే హయత్‌నగర్ వస్తుంది. ముహమ్మద్ కులీ కుతుబ్‌షా కుమార్తె, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి అయిన హయాత్ బక్షీ బేగం పేరు మీద వెలసిన ఊరది. పదిహేడవ శతాబ్దంలో అక్కడ మస్జిద్‌తోపాటు సరాయి కూడా కట్టారు. మధ్యలో మస్జిద్, చుట్టూ ఆవరణను ఆనుకుని బాటసారుల కోసం వరుసగా గదులు, దగ్గరలోనే హాథీ బావి అని పిలిచే పెద్ద దిగుడు బావి. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు వెళ్ళే బాట మీద అది మజిలీ. ఆ రేవు నుంచి ఎర్రసముద్రం వైపు ఓడలు వెళ్ళేవి. గాలి అనుకూలించే రుతువు వచ్చేదాకా ఓడ కదలదు. ఆనాటి ప్రయాణికుని నిరీక్షణ గంటల్లో కాదు, వారాల్లో, నెలల్లో ఉండేది. నేడు విజయవాడ రహదారి మీద లారీలు, బస్సులు ఆ సరాయి ఊరి మీదుగానే దూసుకుపోతుంటాయి. ఆగేవారు తక్కువ.

సరాయి కట్టడంలో ఒక విశేషం ఉంది. గది తలుపు తీస్తే ఎదురుగా ఆవరణ, ఆవరణలో మస్జిద్, అవతలి వరుసలో మరో బాటసారి గది. బావి దగ్గర నీళ్ళు తోడుకునేటప్పుడు, నమాజ్ వరుసలో నిలబడినప్పుడు ఒకరికొకరు కనబడక తప్పదు. జ్వరంతో పడుకున్నవాడు నమాజుకు రాకపోతే, పక్కవాడు ఏమైందని తలుపు తడతాడు. మేము ఆ కాలాన్ని మరీ అందంగా ఊహించుకోవడం లేదు. సరాయిల్లో దొంగలూ ఉండేవారు, పేచీలూ ఉండేవి. కానీ పక్కవాడు ఉన్నాడని తెలియకుండా అక్కడ ఒక పూట కూడా గడపడం సాధ్యమయ్యేది కాదు.

2008 మార్చి దాకా మనవాళ్ళు విమానమెక్కాలంటే దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేటల రద్దీ దాటుకుని బేగంపేట వెళ్ళేవారు. ఆ నెల 23 నుంచి విమానాలు శంషాబాద్‌కు మారాయి. ఇప్పుడు పెద్దఅంబర్‌పేట దగ్గర ఔటర్ రింగురోడ్డు ఎక్కితే గంటలోపే చేరుకోవచ్చు. దారి తగ్గింది, నిరీక్షణ తగ్గలేదు. నిజానికి శంషాబాద్‌లో రెండు రకాల నిరీక్షణలు కనిపిస్తాయి. అద్దాల లోపల ఒకటి, బయట ఒకటి. జగిత్యాల, నిజామాబాద్, కామారెడ్డి వైపు నుంచి ఒక్కడిని సాగనంపడానికి జీపులో పదిమంది వస్తారు. టికెట్టు ఉన్నవాణ్ణే లోపలికి పంపుతారు. తల్లి, భార్య, చంటిపిల్లలు బయటే ఫుట్‌పాత్ మీద దుప్పటి పరుచుకుని, తెచ్చుకున్న పులిహోర విప్పుకుని కూర్చుంటారు. విమానం లేచిందని ఫోను వచ్చేదాకా కదలరు. వాళ్ళలో ఎవరినైనా టైంపాస్ ఎలా అవుతోందని అడిగి చూడండి. ప్రశ్నే అర్థం కాదు. వాళ్ళు చూస్తున్నారు, అంతే.

లోపలి సంగతి వేరు. లోపల కూర్చున్నవాణ్ణి విసుగు చెందకుండా చూడటం నేడు పెద్ద విద్య అయింది. ఈ విద్యలో సింగపూర్‌లోని చాంగీ విమానాశ్రయానికి ప్రపంచమంతా పేరుంది. అక్కడ సీతాకోకచిలుకల తోట పెంచారు. ఉచితంగా సినిమాలు చూపే హాలు కట్టారు. అయిదారు గంటల వ్యవధి ఉన్నవారికి బస్సులో ఊరు చూపించి తీసుకొచ్చే ఏర్పాటు చేశారు. 2019లో దాని పక్కనే తెరిచిన జువెల్ అనే కట్టడంలో పైకప్పు నుంచి 40 మీటర్ల ఎత్తున జలపాతం దూకుతుంది. ఆ యువకుడు తొమ్మిది గంటలు గడపబోయే దోహా విమానాశ్రయం 2014లో మొదలైంది. అక్కడ రెండంతస్తుల ఎత్తున పసుపుపచ్చని ఎలుగుబంటి బొమ్మ ఉంది, 2022లో పైకప్పు కింద పెంచిన చెట్ల తోట ఉంది. ఇవి చూడటం నిషిద్ధమని మేము చెప్పబోవడం లేదు. అలసిన కంటికి పచ్చని చెట్టు హాయినిస్తుంది. ప్రయాణం మనిషికి తిండిని, నిద్రను దూరం చేసే ఒక రకం శిక్ష వంటిదని దైవప్రవక్త (స) చెప్పి ఉన్నారు. కాబట్టి ప్రయాణికుడు సేదదీరడం తప్పు కాదు. శరీరానికీ మన మీద హక్కుంది.

కానీ ఒక సంగతి గమనించండి. పెద్ద విమానాశ్రయాల ఆదాయంలో చెప్పుకోదగ్గ భాగం దుకాణాల అద్దెల నుంచీ అమ్మకాల నుంచీ వస్తుంది. తనిఖీ ముగిసి బయటపడగానే దారి నేరుగా గేటుకు పోదు. అత్తరు సీసాలు, చాక్లెట్ల మధ్య నుంచి వంకరలు తిరుగుతూ పోతుంది. అది యాదృచ్ఛికం కాదు. మనం ఖాళీ అనుకునే గంటను ఖాళీ కాదని గుర్తించినవారు అప్పటికే ఉన్నారన్నమాట. వారు దానికి వెల కట్టి కూర్చున్నారు. దుకాణాల అవసరం లేనివాళ్ళ కోసం చేతిలో ఫోను ఉండనే ఉంది. దాని గురించి ఈ పత్రికల్లో ఇప్పటికే చాలా రాశారు, మళ్ళీ రాయం.

చాంగీ ప్రారంభమైన 1981వ సంవత్సరంలోనే మరో విమానాశ్రయం కూడా తెరుచుకుంది. అది జిద్దాలోని కింగ్ అబ్దుల్ అజీజ్ విమానాశ్రయం. అందులోని హజ్ టెర్మినల్‌ను మన పాఠకుల్లో హాజీలు చూసే ఉంటారు. తెల్లని గుడారాల వంటి పైకప్పులు, మొత్తం 210. ఒక్కో గుడారం 45 మీటర్ల చదరం. దాన్ని రూపొందించినవారిలో ముఖ్యుడైన ఇంజినీరు ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్ బెంగాల్ గడ్డ మీద పుట్టినవాడు. అమెరికాలో షికాగోలోని సియర్స్ టవర్ వంటి ఆకాశహర్మ్యాలకు ఎముకలగూడు కట్టిన మనిషి. ఆయనకు వచ్చిన సమస్య మామూలుది కాదు. ఏడాదిలో కొద్ది వారాలే రద్దీ, ఆ కొద్ది వారాల్లో వేలాదిమంది ఒక్కసారిగా దిగుతారు. బస్సులు, కాగితాలు సమకూరేదాకా గంటల తరబడి ఆగాలి. తిరుగు ప్రయాణంలోనైతే ఒక్కోసారి 36 గంటల దాకా ఆగాల్సి వస్తుందని లెక్కవేసి, ఒకేసారి 80 వేలమంది ఉండగలిగేలా కట్టారు. అంతమందికి ఎడారి ఎండలో ఏం ఏర్పాటు చేయాలి? వారు చేసింది నీడ. గోడల్లేవు. గాలి పక్కల నుంచి వచ్చి, వేడెక్కి, గుడారం నడినెత్తిన ఉన్న రంధ్రం గుండా పైకి పోతుంది. కింద జనం తమ చాపలు తాము పరుచుకుంటారు. ఆ నిర్మాణానికి 1983లో ఆగాఖాన్ పురస్కారం లభించింది. అప్పటికి ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్ లేరు. 1982లో జిద్దాలోనే కన్నుమూశారు.

ఒకే సంవత్సరంలో మొదలైన ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మాకు ఆశ్చర్యం వేస్తుంది. ఒకచోట వేచి ఉన్నవాడికి చూడటానికి వింతలు పెట్టారు. మరోచోట నీడ మాత్రమే ఇచ్చి, చూడటానికి తోటి మనుషుల్ని వదిలిపెట్టారు. హజ్ టెర్మినల్లో కూర్చున్నవారికి ఇక్కట్లు లేవని కాదు. అక్కడ పడిగాపులు కాసిన హాజీలు ఎంత విసుక్కున్నారో వాళ్ళ నోటనే విన్నాం. అయినా నైజీరియా ముసలమ్మకు మన గుంటూరు హాజీ మంచినీళ్ళ సీసా అందించడం, భాష రాకపోయినా ఖర్జూరాలు పంచుకోవడం గురించి కూడా ఆ నోళ్ళే చెప్పాయి. చాంగీ జలపాతం చూసి వచ్చినవాళ్ళు జలపాతం ఫోటో చూపించారు.

ఎదురుచూపు ఎక్కువైనా ప్రమాదమే. మెహ్రాన్ కరీమీ నస్సేరీ అనే ఇరాన్ దేశస్థుడు కాగితాల చిక్కుల్లో పడి 1988లో పారిస్‌లోని షార్ల్ డిగాల్ విమానాశ్రయంలో చిక్కుకుపోయాడు. ఎర్ర బెంచీ మీదే నివాసం. సిబ్బంది ఇచ్చిన తిండి, పత్రికలు. రోజూ డైరీ రాసుకునేవాడు. కొన్నేళ్ళ తరువాత బయటికి వెళ్ళే కాగితాలు చేతికొచ్చినా సంతకం పెట్టలేదు. 2006లో జబ్బుపడి ఆసుపత్రికి తరలించేదాకా అక్కడే ఉన్నాడు. చివరకు 2022 నవంబరులో తిరిగి అదే విమానాశ్రయానికి చేరి అక్కడే చనిపోయాడు. దేని కోసం ఆగాడో అది మనసులోంచి చెరిగిపోయి, ఆగడమే మిగిలిపోయింది. ప్రపంచంలో బాటసారిలా ఉండమనే హదీసును ఉపన్యాసకులు, మాతో సహా, ప్రతి జుమాలోనూ ఉదహరిస్తుంటారు. బెంచీ మీద ఇల్లు కట్టుకున్న బాటసారి కథను కూడా దానికి జతచేస్తే బాగుండునేమో.

ఇక మా సంగతి. 2023 చలికాలంలో అబ్బాజాన్‌ను తీసుకుని ఉమ్రాకు బయలుదేరాం. శంషాబాద్‌లో ఇమిగ్రేషన్ ముగించుకుని గేటు దగ్గరికి చేరాక విమానం ఆరు గంటలు ఆలస్యమని తెలిసింది. చాలామంది కౌంటరు దగ్గర గొడవపడ్డారు. మేము లోలోపల సంతోషించాం. ఆరు గంటల్లో కనీసం అయిదు పారాలు పూర్తిచేయవచ్చని లెక్కవేశాం. మదరసాలో చదివే రోజుల్లో మా ఉస్తాద్ గారు రైలు ప్రయాణాల్లో ఖుర్‌ఆన్ ఖతం చేసేవారు. అది చూసి నేర్చుకున్న అలవాటు. అబ్బాజాన్ కాళ్ళు చాపుకుని కునుకు తీస్తుంటే, మేము మూడవ పారా మధ్యలో ఉన్నాం.

అప్పుడు పక్క కుర్చీలోకి ఒక యువకుడు వచ్చి కూర్చున్నాడు. ఇరవై రెండు, ఇరవై మూడు ఏళ్ళుంటాయి. ఒళ్ళో నీలిరంగు ప్లాస్టిక్ ఫైలు. నుదుట వాళ్ళమ్మ పెట్టి పంపిన బొట్టు. కొంతసేపు మా చేతిలోని గ్రంథం వైపు చూసి, మెల్లగా అడిగాడు.

"అన్నా, మీకు అరబ్బీ చదువొస్తది గద. జర ఈ కాగితం జూసి ఏం రాసుందో చెప్తరా?"

మేము తల ఎత్తలేదు. చూపుడువేలు ఎత్తి, ఆగమన్నట్టు సైగ చేశాం.

ఆ వేలు ఎత్తినప్పుడు మా మనసులో ఏముందో దాచకుండా చెప్పాలి. తిలావత్ చేసేవానికి సలాం చెప్పడం కూడా మక్రూహ్ అని ఫిఖ్హ్ గ్రంథాల్లో చదివి ఉన్నాం. ఆ మసలా జ్ఞాపకం వచ్చింది. దాని వెనుక దాక్కున్నాం. పారా పూర్తి చేయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. తల ఎత్తేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. అవతలి గేటు నుంచి గల్ఫ్‌కు వెళ్ళే మరో విమానానికి ఆఖరి పిలుపు అయిపోయింది. కునుకు తీస్తున్నారనుకున్న అబ్బాజాన్ కళ్ళు తెరిచే ఉన్నారు. "బేటా, ఆ పిల్లవాడు మూడుసార్లు నీ వైపు చూసి లేచి వెళ్ళిపోయాడు" అన్నారు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆ కాగితంలో ఏముందో మాకు తెలియదు. ఏమీ ఉండకపోవచ్చు. కానీ తెలంగాణ నుంచి వెళ్ళేవారి కష్టాలు తెలిసినవారికి ఏముండవచ్చో తెలుసు. ఏజెంటు డ్రైవరు పని అని చెబుతాడు, అరబ్బీ కాగితంలో 'రాయీ' అని ఉంటుంది. అంటే పశువుల కాపరి. ఆ ఒక్క మాట తెలియక ఎడారిలో గొర్రెల మందల వెంట, ఒంటెల వెంట పడి, తిరిగి రావడానికి దారిలేక ఏడుస్తూ పంపిన వీడియోలు మన పత్రికల్లో వార్తలైన సందర్భాలు ఎన్నో. 'సాయిఖ్' అంటే డ్రైవరు, 'ఆమిల్' అంటే కూలీ, 'రాయీ' అంటే కాపరి. మదరసాలో మొదటి సంవత్సరం పిల్లవాడు కూడా చెప్పగల మాటలు. ఒక నిమిషం పని. విమానమెక్కకముందు తెలిస్తే ఇంటికి ఫోను చేసేవాడు, ఏజెంటును నిలదీసేవాడు, ఏజెంటుకు ప్రభుత్వ అనుమతి ఉందో లేదో హైదరాబాద్‌లోని ప్రవాసుల సంరక్షణ కార్యాలయంలో అన్నదమ్ముల చేత విచారింపజేసేవాడు. ఎక్కడం మానుకునేవాడేమో కూడా. ఆ నిమిషం మా దగ్గర ఉంది. ఆరు గంటలున్నాయి!

ఇప్పుడు అసలు ప్రశ్న. మేము చేస్తున్నది వ్యర్థమైన పని కాదు, దైవగ్రంథ పారాయణం. సినిమా చూస్తూ అతణ్ణి పట్టించుకోకపోతే తప్పని ఎవరైనా అంటారు. ఆరాధనలో ఉండి పట్టించుకోకపోతే? మాకు తెలిసిన కొందరు ఆలిములను అడిగాం. ఒకరు, తిలావత్ నఫిల్, అవసరంలో ఉన్నవాడికి సాయపడటం దానికంటే ముందు అన్నారు. మరొకరు, మధ్యలో ఆపడం అదబ్‌కు విరుద్ధం, ఒక రుకూ దాకా చదివి ఆపి ఉండవలసింది అన్నారు. ఇద్దరి మాటా సబబే. కానీ ఇద్దరూ మసలా చెప్పారు. మాకు గుచ్చుకున్నది మసలా కాదు, అబ్బాజాన్ చెప్పిన ఆ మూడు చూపులు.

అబస సూరా అవతరించిన సందర్భం పాఠకులకు తెలిసిందే. ఖురైష్ పెద్దలకు ధర్మం బోధిస్తున్న వేళ అంధుడైన హజ్రత్ అబ్దుల్లా ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) వచ్చి పలకరించారు. దైవప్రవక్త (స) నిమగ్నమై ఉన్నది దైవకార్యంలోనే. అయినా, తెలుసుకోవాలని వచ్చినవాని వైపు నుంచి ముఖం తిప్పుకోవడాన్ని అల్లాహ్ ఎత్తిచూపాడు. తరువాత ఆ అంధ సహాబీని ఎంతగా గౌరవించారంటే, మదీనా విడిచి వెళ్ళవలసివచ్చినప్పుడు తన స్థానంలో ఆయనను నిలిపి వెళ్ళిన సందర్భాలున్నాయి. ఇక వెనుక వరుసలో పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే, ఆ తల్లి మనసు తల్లడిల్లుతుందని దైవప్రవక్త (స) నమాజునే కుదించేవారు. నమాజులో కూడా ఆయన చెవులు మూసుకుపోలేదన్నమాట! తల్లి పిలిచినా ఆరాధన ఆపని జురైజ్ అనే సన్యాసి గాథ కూడా హదీసుల్లో ఉంది. మదరసాలో ఇవన్నీ చదివాం, పరీక్షలు రాశాం, మార్కులు తెచ్చుకున్నాం. శంషాబాద్‌లో గేటు ముందు అవేవీ గుర్తుకు రాలేదు. గుర్తుకొచ్చింది మనకు అనువైన మక్రూహ్ ఒక్కటే.

ఇంకొకటి. అన్నిసా సూరాలో తల్లిదండ్రులు, బంధువులు, అనాథలు, పొరుగువారితోపాటు పక్కనున్న తోడు పట్ల కూడా మేలుగా మెలగాలని ఆదేశముంది. ఈ 'పక్కనున్న తోడు' ఎవరు? కొందరు వ్యాఖ్యాతలు భార్య అన్నారు, కొందరు ప్రయాణంలో సహచరుడు అన్నారు. మనం చదువుకున్న ఉర్దూ తఫ్సీర్‌లలో రైల్లో, బస్సులో, విమానంలో పక్క సీట్లో కాసేపు కూర్చున్నవాణ్ణి కూడా ఇందులో చేర్చారు. అతను ముస్లిమా కాదా అనే షరతు పెట్టలేదు. ఇంటి పొరుగువాడి హక్కుల గురించి మనం జీవితకాలమంతా మాట్లాడుకుంటాం. ఈ పొరుగువాడి వయసు ఇరవై నిమిషాలు, నలభై నిమిషాలు. గేటు తెరిస్తే అతని హక్కు తీరే అవకాశం ఇక ఉండదు. అప్పు పడినట్టే, కానీ అప్పిచ్చినవాడి పేరు తెలియదు, ఊరు తెలియదు. ఎవరికి తీర్చాలి? తౌబా చేసుకున్నాం. తోటి మనిషి హక్కు విషయంలో తౌబా ఒక్కటే సరిపోదని కూడా మనమే బోధిస్తాం కదా.

నమాజ్ కోసం వేచి ఉన్నవాడు ఆ వేచి ఉన్నంతసేపూ నమాజులో ఉన్నట్టే లెక్క అనే హదీసు మాకు ఇష్టమైనది. ఎదురుచూపు విలువ దేని కోసం ఎదురుచూస్తున్నామో దానిని బట్టి ఉంటుందని అందులో ఉంది. మేము ఉమ్రా కోసం ఎదురుచూస్తున్నాం. కాబట్టి ఆ ఆరు గంటలూ ఉమ్రాలో ఉన్నట్టే అనుకున్నాం. అలాంటప్పుడు కాబా ముందు నిలబడి ఉంటే, పక్కన ఒకడు వచ్చి కాగితం చూపిస్తే వేలు ఎత్తి ఆపుతామా? ఆపమేమో. అక్కడ ప్రతి మనిషీ అల్లాహ్ అతిథిగా కనిపిస్తాడు. శంషాబాద్‌లో పక్క కుర్చీ మనిషి మా అయిదు పారాల లెక్కకు అడ్డంగా కనిపించాడు. నిజం చెప్పాలంటే అప్పుడు మేము ఎదురుచూడటం లేదు. మేమూ కాలక్షేపమే చేస్తున్నాం, కాకపోతే పవిత్రమైన వస్తువుతో.

ఇలా రాస్తే కొందరు ఇంకోలా అర్థం చేసుకునే ప్రమాదం ఉంది. తిలావత్ మానేసి పక్కవాళ్ళతో కబుర్లు చెప్పుకోమని కాదు. అడగనివాడి మీద పడి సాయం చేయడం కూడా ఒక బాధే, విమానంలో అలాంటి సహచరుడు దొరికినవారికి తెలుస్తుంది. అందరూ నిద్రపోతున్న వేళ, ఎవరి అవసరమూ లేని వేళ ఖుర్‌ఆన్ కంటే మంచి తోడు ఏముంది? గ్రంథం తెరిచే ముందు ఒకసారి అటూ ఇటూ చూడండి, మధ్యలో ఎవరైనా పలకరిస్తే వేలు ఎత్తకుండా తల ఎత్తండి. మేము చెప్పేది అంతే. చక్రాల కుర్చీ కోసం చూసే ముసలమ్మ, ఫారం ఎలా నింపాలో తెలియని కూలీ, పిల్లవాణ్ణి ఎవరికి అప్పగించి బాత్రూముకు వెళ్ళాలో తెలియక తచ్చాడే తల్లి, వీళ్ళు లేని గేటు ఏ విమానాశ్రయంలోనూ ఉండదు. హజ్ రోజుల్లోనైతే నాంపల్లి హజ్ హౌస్ నుంచి బస్సుల్లో వచ్చే వృద్ధుల్లో చాలామందికి విమానమెక్కడం అదే మొదటిసారి. సీటు బెల్టు, మెట్లు కదిలే యంత్రం, అన్నీ భయమే. చదువుకున్న యువకులు అప్పుడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నాతులు వింటూ ఉంటారు.

మధ్యలో ఒక మసలా కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ యువకుడు మరుసటి రోజు మళ్ళీ వచ్చి అడిగాడు. ఖస్ర్ ఎక్కడి నుంచి మొదలవుతుంది అని. దూర ప్రయాణం సంకల్పించుకుని తన ఊరి ఇళ్ళు దాటితే ప్రయాణికుడే. కాబట్టి దోహాలో నిస్సందేహంగా ఖస్ర్. మా ఊరివాళ్ళు శంషాబాద్‌లో ఉన్నప్పుడు ఏం చేయాలనేది, నగరం పెరిగి ఊళ్ళు ఒకదానితో ఒకటి కలిసిపోతున్న ఈ రోజుల్లో, తమకు దగ్గరలోని ముఫ్తీ గారిని అడిగి తెలుసుకోవడం మంచిది.

అతనికి ముందురోజు ఇచ్చిన జాబితా వెనక్కి తీసుకోలేదు. నీలిరంగు ఫైలు సంగతి మాత్రం మొత్తం చెప్పాం. అతను నవ్వలేదు. "అయితే హజ్రత్, నా కాగితం గూడ ఒకసారి జూస్తరా?" అని జేబులోంచి మడతపెట్టిన ఒప్పందం తీసి ఇచ్చాడు. కళ్ళద్దాలు పెట్టుకుని మొదటి పంక్తి నుంచి చివరి పంక్తి దాకా చదివి, తెలుగులో వివరించాం. అల్హమ్దులిల్లాహ్, ఏజెంటు చెప్పిందీ కాగితంలో ఉన్నదీ ఒకటే. అతను దోహాలో తొమ్మిది గంటలు ఎలా గడిపాడో మేము అడగలేదు, అతను చెప్పలేదు.

మొన్న చెల్లెలిని సాగనంపడానికి శంషాబాద్ వెళ్ళాం. లోపలికి పోనివ్వరు కనుక బయటే, దుప్పట్లు పరుచుకున్నవాళ్ళ మధ్య నిలబడ్డాం. నీలిరంగు ఫైలు పట్టుకున్న మనిషి ఎవరు కనిపించినా మా చూపు అటే పోయింది. అక్కడికి ఎప్పుడు వెళ్ళినా అంతే. అతని ముఖం గుర్తుపట్టగలమా అంటే చెప్పలేం. ఆరోజు మేము తల ఎత్తలేదు కదా.